కిత్తనార టిష్యూ కల్చర్: మూడో వారంలో సీసాల్లో తెల్ల మడ్డి

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని):
ప్రాజెక్టుకి కిత్తనార తీసుకున్నాను. మా ఊరి రైలు కట్ట పక్కన పిలకలు తవ్వి తెచ్చి, ఆకులు ఒలిచి, లోపలి దుంప ముక్కలు ఎంఎస్ మీడియంలో (పోషకాలు కలిపిన అగార్ జెల్లీ) పెట్టాను. పెట్టేముందు క్రిములు చావడానికి 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ మందులో 8 నిమిషాలు ఉంచాను. రెండు వారాలు శుభ్రంగానే ఉన్నాయి. మూడో వారంలో ముక్క అడుగున, అగార్‌లో పాలు ఒలికినట్టు తెల్ల మడ్డి. బూజు కాదు. 40 సీసాల్లో 31 పోయాయి. నా చెయ్యి శుభ్రంగా లేదంటున్నారు మా గైడ్ గారు. ఒకటే టెన్షన్. పైగా రసం పడి మోచేతుల దాకా దురద. మందులో ఇంకాసేపు ఉంచితే పోతుందా?

జవాబు (అరటి ల్యాబ్‌లో చేసినాయన):
ఉంచకమ్మా. ముక్క చస్తుంది, మడ్డి చావదు. చేతి తప్పయితే నాలుగైదు రోజుల్లోనే, సీసాలో ఎక్కడపడితే అక్కడ లేచేది. ముక్కని అంటుకుని, ఇంత ఆలస్యంగా వచ్చిందంటే మొక్క లోపల దాక్కున్న బాక్టీరియా అయ్యుంటుంది. పిలక మట్టిలోనే పుట్టి పెరిగింది కదా. పూత కర్రకి కాసే బుల్బిల్స్ (బుల్లి పిల్ల మొక్కలు) తెచ్చుకో, వాటికి మట్టి తగలదు. యాంటీబయాటిక్ వేయమంటారు ఎవరో ఒకరు. చాలాసార్లు అది అణిచిపెడుతుందంతే, మందు లేని మీడియంలోకి మార్చగానే మళ్లీ లేస్తుంది. గైడ్ గారి కోసం ముక్క పెట్టకుండా ఐదు సీసాలు తెరిచి, మామూలుగా చేసే పనంతా చేసి మూసిపెట్టు. అవి శుభ్రంగా ఉంటే తప్పు నీ చేతిది కాదన్నట్టే. ఆ మెర్క్యురీ నీళ్లు మాత్రం సింకులో పోయకు. దురదంటావా, ఆ రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పొడుగు గ్లౌజులు వేసుకో.

జవాబు (రైతు):
ఒక్క కర్రకి వందల పిల్లలు ఊరికే కాస్తుంటే ఈ సీసాలెందుకండీ?

జవాబు (అరటి ల్యాబ్‌లో చేసినాయన):
గట్టు మీద కంచెకైతే మీరన్నదే రైటు. కానీ కిత్తనార ఏళ్ల తరబడి పెరిగి, ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. నార బాగా వచ్చే మొక్క ఒకటి దొరికితే అది పూసేదాకా ఎవరు కూర్చుంటారు? తాంజానియాలో పుట్టించిన 11648 అనే హైబ్రిడ్ కిత్తనార లాంటివి తొందరగా పెంచాలంటే సీసాలే దారి.

ప్రశ్న అడిగినామె:
ఖాళీ సీసాలు పెట్టి ఇవాళ్టికి 24 రోజులు. ఐదూ శుభ్రం. గైడ్ గారు లైటు కింద తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. బుల్బిల్స్ నాన్న పంపారు, పాత సిమెంటు సంచి నిండా. నాకు కావలసింది ఇరవై!