కొత్తవాళ్లున్న బృందం సాంక్ట్ ఆంటన్ వెళ్లొచ్చా? అక్కడ బ్లూ రన్ నిజంగా తేలికేనా?

మ్యూనిక్_మధు
ఫిబ్రవరిలో ఎనిమిది మందిమి వారం రోజులకి ఆస్ట్రియాలోని స్కీ ప్రాంతం ఆర్ల్‌బెర్గ్ వెళ్దామనుకుంటున్నాం. ముగ్గురు ఇంతవరకూ స్కీ తొడగలేదు. ఇద్దరు బ్లూ (తేలిక స్కీ దారులు) బాగానే దిగుతారు, రెడ్ (మధ్యస్థం) అంటే బెదురు. మిగతా ముగ్గురికి బ్లాక్ (కష్టమైనవి) అయినా ఫర్వాలేదు. బస సాంక్ట్ ఆంటన్‌లో తీసుకోవాలా, లెహ్‌లోనా? మ్యాప్‌లో రెండుచోట్లా బ్లూ గీతలు బాగానే ఉన్నాయి.

కొండచరియ
సాంక్ట్ ఆంటనే. మీ రైలు ఊళ్లోనే ఆగుతుంది, స్టేషన్ నుంచి లిఫ్టుకి నడిచిపోవచ్చు. బ్లూ గురించి బెంగ వద్దు, దానికో కొలత ఉంది. ఆస్ట్రియాలో వాలు 25 శాతం లోపుంటే బ్లూ, 40 లోపుంటే రెడ్, ఆపైన బ్లాక్. ఫ్రాన్సులోలాగా అంతకంటే తేలికైన గ్రీన్ ఉండదు.

వసంతమంచు
కొండచరియ గారూ, ఆ కొలత వాలుకి మాత్రమే. వెడల్పుకీ రద్దీకీ సాయంత్రం మంచుకీ కొలత ఎవరూ పెట్టలేదు. స్టైస్‌బాఖ్‌టాల్ చూడండి, అందరూ హ్యాపీ వ్యాలీ అనే రన్. మ్యాప్‌లో బ్లూ. గాల్జిగ్ కొండ నుంచీ, షిండ్లర్ వైపు నుంచీ, ఉల్మర్ హ్యూట్టె నుంచీ ఊళ్లోకి దిగేవాళ్లు ఆ సన్నటి లోయలోకే వచ్చిపడతారు. గరాటులో పోసినట్టే. మూడు దాటేసరికి పైపొర గీరుకుపోయి ఒకచోట గట్టి మంచు తేలుతుంది, పక్కనే తోసిన మంచు గుట్టలు కడుతుంది. స్నోప్లౌ (స్కీల ముందు కొనలు దగ్గర చేసి వేగం తగ్గించడం) ఒక్కటే వచ్చినవాళ్లకి ఆ గట్టి మంచు మీద స్కీ అంచు పట్టదు. భయంతో ఒళ్లు వెనక్కి వాలుతుంది, స్కీల ముందుభాగం మీద బరువు పోతుంది. ఇక తిరుగుదామన్నా తిరగదు.

బవేరియా_బాబాయ్
25 డిగ్రీలంటే తక్కువేం కాదు కదండీ!

కొండచరియ
డిగ్రీలు కాదు బాబాయ్ గారూ, శాతం. 100 మీటర్లు అడ్డంగా పోతే 25 మీటర్లు కిందికి దిగడం. అంటే 14 డిగ్రీలు. 40 శాతం దాదాపు 22 డిగ్రీలు. 45 డిగ్రీలయితే 100 శాతం. ఇది తెలియకే సగం మంది బ్లూకి భయపడతారు.

వసంతమంచు
14 డిగ్రీలని ఎవరు కాదన్నారు? చిన్న చిన్న ముక్కలు అంతకంటే నిటారుగా ఉండొచ్చని ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కొత్తవాళ్లు పడేది సరిగ్గా ఆ ముక్క మీదే.

కొండచరియ
అయితే ఆ రన్ దిగకండి. కేబుల్ లిఫ్టు గాల్జిగ్‌బాన్‌లోనే కిందికి రావచ్చు. దానికి ఊరినే తప్పుపట్టడం ఏంటి?

నీలిగీత
నాసెరైన్ వాలూ ఫాంగ్‌బాన్ కుర్చీ లిఫ్టూ ఉన్నాయిగా, కొత్తవాళ్లకి.

వసంతమంచు
మొదటి రెండు రోజులకి చాలు. మూడో రోజు ఏం చేస్తారు? చిన్న వాలు నుంచి వెడల్పైన, పొడుగైన, ఖాళీగా ఉండే బ్లూకి వెళ్లాలి. అలాంటివి లెహ్ పైనున్న ఓబర్‌లెహ్‌లో ఉన్నాయి. సాంక్ట్ ఆంటన్ నుంచి స్కీల మీద అటు పోవడానికి 2016లో కేబుల్ లిఫ్టు ఫ్లెక్సెన్‌బాన్ వచ్చింది, నిజమే. కానీ అది ఎక్కాలంటే ముందు దాని కింది స్టేషన్ ఉన్న ఆల్పె రౌత్స్ దాకా స్కీ మీద దిగాలి. కొత్తవాళ్లకి అది కుదరదు, బస్సే గతి. హిమపాతం ప్రమాదముంటే లెహ్ వెళ్లే ఫ్లెక్సెన్ రోడ్డు మూసేస్తారు. అందుకే బస లెహ్‌లో తీసుకోమంటున్నా. రైలు లాంగెన్‌లో దిగి బస్సెక్కితే సరిపోతుంది.

కొండచరియ
లెహ్ గదుల ధరలు చూశారా? పైగా మంచు చదును చేయని షిండ్లర్‌కార్, మట్టున్ రూట్ల కోసమే వచ్చే ముగ్గురు రోజూ అక్కణ్ణుంచి వచ్చిపోవాలా? ఏడాదికొక్క వారం దొరుకుతుంది. ఆ వారమంతా నర్సరీ వాలు పక్కన నిలబడాలా?

వసంతమంచు
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇంతసేపూ వాలు శాతాలెందుకు మరి? పోయిన సీజన్లో లిఫ్టులో దిగుతామన్నవాళ్లని "బ్లూనే కదా, రండి" అని తీసుకెళ్లి, గుట్టల మధ్య వదిలేసి కిందికి పోయింది ఎవరు?

కొండచరియ
వదల్లేదు, కింద ఆగాను. స్కీయింగ్ రానివాళ్ల కోసం అది వచ్చినవాళ్లు రోజంతా ఆగాలనడం న్యాయం కాదు. ఈ మాట పైకి ఎవరూ అనరు, నేను అంటున్నాను.

వసంతమంచు
ఆగమని అడగలేదు. తీసుకెళ్లొద్దన్నాను. కిందికి దిగి లిఫ్టు దగ్గర నిలబడితే పైన పడినవాళ్లకి అది తోడెలా అవుతుంది?

శీతగాలి
ఎనిమిది మందీ ఒకే వాలు మీద ఉండాలనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. మధు గారూ, పొద్దున మూడు దారులు పట్టండి. కొత్త ముగ్గుర్నీ స్కీ స్కూల్లో చేర్చండి. మధ్యస్థ ఇద్దరూ రెండ్ల్ కొండ వైపు వెళ్లొచ్చు. సాయంత్రం కాళ్లు అలిసిపోతే రెండ్ల్‌బాన్‌లోనే దిగిపోవాలి. గట్టివాళ్లకి ఒక హెచ్చరిక. స్కీ రూట్లకి గుర్తులు ఉంటాయి, హిమపాతం నుంచి రక్షణ చూస్తారు. కానీ మంచు చదును చేయరు, సాయంత్రం చివర్లో ఎవరైనా మిగిలారా అని గస్తీ తిరగరు. 2811 మీటర్ల వల్లుగా శిఖరానికి గైడ్ లేకుండా స్కీలతో ఎక్కనివ్వరు.

మ్యూనిక్_మధు
సాంక్ట్ ఆంటన్‌లోనే ఉంటే కొత్తవాళ్లని పైకి ఎప్పుడు తీసుకెళ్లాలి?

వసంతమంచు
సైడ్‌స్లిప్ వచ్చాక. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి, కొండవైపు అంచుల మీద నిలబడాలి. చీలమండల్ని కొద్దిగా వదిలితే జారాలి, బిగిస్తే ఆగాలి. కుడివైపు తిరిగి, ఎడమవైపు తిరిగి, రెండు విధాలా పదేసి మీటర్లు దిగగలగాలి. నిటారు ముక్క వస్తే వాళ్లకున్న దారి అదొక్కటే. అది రాకపోతే మూడో రోజైనా నాసెరైనే.

కొండచరియ
సైడ్‌స్లిప్ మాటకి నాకూ అభ్యంతరం లేదు. లెహ్ మాత్రం అక్కర్లేదు.

మ్యూనిక్_మధు
గాల్జిగ్‌బాన్‌లో కిందికి దిగే చివరి వేళ ఎప్పుడు?

శీతగాలి
సీజన్ని బట్టి మారుతుంది, పొద్దున ఎక్కేటప్పుడే కింది స్టేషన్ బోర్డు మీద చూసుకోండి. ఆ వేళకి అరగంట ముందే పై స్టేషన్లో ఉండాలి. తప్పితే మిగిలేది స్టైస్‌బాఖ్‌టాలే.