టైర్ సైజు పెంచితే స్పీడోమీటర్ కరెక్ట్ అవుద్దా, తప్పుద్దా?

వైట్‌ఫీల్డ్ స్విఫ్ట్:
అందరికీ నమస్తే. నాది స్విఫ్ట్ విఎక్స్ఐ, కంపెనీ టైర్లు 165/80 ఆర్14, బాగా అరిగిపోయినాయి, మార్చాల. మా లేఅవుట్ లోపల హంపులు చూస్తే కొండలే, నలుగురు ఎక్కినామంటే కింద బర్రున గీరుకుంటాది. అందుకని 15 ఇంచ్ అల్లాయ్స్ వేసి కొంచెం ఎత్తు లేపుదామని బెంగళూరు జేసీ రోడ్డులో షాపులన్నీ తిరిగినా. ఒకాయన 205/65 ఆర్15 వేసేయ్ సూపరుంటాది అన్నాడు. మీటర్ తేడా రాదా అంటే "పెరిగేది వెడల్పు సార్, మీటర్‌కేం సంబంధం" అన్నాడు. ఆఫీసులో ఒకడేమో మీటర్ తక్కువ చూపిస్తాది, మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కెమెరాకి దొరుకుతావ్ అంటాడు. ఇంకొకడు ఇంకా విచిత్రం, కంపెనీ మీటరే ఎక్కువ చూపిస్తాది, పెద్ద టైర్ వేస్తేనే కరెక్ట్ అయితాది అంటాడు. ఎవరి మాట నమ్మాల?

లెక్కల మాస్టారు:
షాపాయన మాట పక్కన పెట్టండి. 205/65లో ఆ 65 ఏంటనుకున్నారు, వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్, అంటే టైర్ పక్క గోడ ఎత్తు అని. అంటే వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుద్ది. మీ పాత టైర్ చూద్దాం, 165లో 80 శాతం 132 మి.మీ., పైనా కిందా కలిపి 264, రిమ్ 14 ఇంచులంటే 355.6, మొత్తం 619.6 మి.మీ. వాళ్ళు చెప్పేది 266.5 ప్లస్ 381, అంటే 647.5. తేడా నాలుగున్నర శాతం. కారుకి టైర్ ఎంత ఉందో కనపడదు కదా, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో సెన్సార్ చెప్తుంది, దాన్ని కంపెనీ ఎక్కించిన చుట్టుకొలతతో గుణిస్తుంది అంతే. మీరు పెద్ద చక్రం వేశారని దానికెవరు చెప్పాలి? ముల్లు 100 దగ్గరున్నప్పుడు ఇదివరకటికంటే నాలుగున్నర శాతం ఎక్కువ స్పీడులో పోతుంటారు.

ఇంకో సంగతి, రిమ్ పెద్దదైతే మీటర్ తప్పుద్ది అనుకుంటారు చాలామంది, అది కాదు. 195/55 ఆర్16 వేసి చూడండి, 620.9 వస్తుంది, మీటర్‌కి తెలియను కూడా తెలీదు. టైర్‌తో కలిపి మొత్తం ఎత్తే లెక్క. ఇక మీ హంపుల సంగతి, వ్యాసం 28 మి.మీ. పెరిగితే కారు లేచేది అందులో సగం, 14 మి.మీ. ఆ మాత్రం దానికి ఇంత ఖర్చు పెట్టాలా అన్నది మీ ఇష్టం.

హెబ్బాళ్ రెడ్డి:
మాస్టారూ, అంత భయపెట్టొద్దు. ఆ రెండో ఫ్రెండ్ చెప్పిందే నిజం. ఐక్యరాజ్యసమితి రూలొకటుంది, రెగ్యులేషన్ 39, అసలు స్పీడుకంటే మీటర్ తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించొచ్చు, అది కూడా అసలు స్పీడులో పదో వంతు ప్లస్ 4 కి.మీ. దాకా. అంటే నువ్వు నిజంగా 100లో పోతుంటే మీటర్ 114 చూపించినా పాసే. అందుకే కంపెనీలోళ్ళు అన్ని కార్లలో నాలుగైదు కిలోమీటర్లు కలిపే చూపిస్తారు. నాదీ స్విఫ్టే, 205/65 ఆర్15 వేసి తిరుగుతున్నా, పాత టైర్ల మీద మీటర్ 100 అంటే ఫోన్ జీపీఎస్ 93 చూపించేది, ఇప్పుడు 99. దీన్ని తప్పింది అంటారా, కరెక్ట్ అయింది అంటారా? ఇంకోటి, మాస్టారి లెక్క ప్రకారం నాకు నాలుగున్నర పెరగాలి, ఆరు పైన పెరిగింది, కాబట్టి ఆ లెక్కలన్నీ ఉత్తదే.

లెక్కల మాస్టారు:
రెడ్డిగారూ, ఆ పాత టైర్లు తీసేటప్పటికి ఎంత అరిగున్నాయ్?

హెబ్బాళ్ రెడ్డి:
గుండు అన్నా. గాడిలో అరుగుదల చూపించే ఇండికేటర్ దాకా వచ్చేసినాయి, అందుకే కదా మార్చింది.

లెక్కల మాస్టారు:
అదీ సంగతి. కొత్త టైర్‌కి గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది, ఇండికేటర్ 1.6 దగ్గర. అంటే ఒక్కో పక్క 6.4 పోయింది, వ్యాసంలో 12.8. మీ టైర్ 619.6 నుంచి 607కి దిగిపోయింది, మీరు పోల్చింది దాంతో. 647.5ని 607తో భాగించండి, 6.7 శాతం, మీ 93 కాస్తా 99 అవుతుంది, లెక్క ఏం తప్పలేదు. కంపెనీ టైర్ కొత్తగా ఉన్నప్పుడు చూసుంటే మీకు 95 కనపడేది. అంటే ఏ సైజూ మార్చకుండా అరిగిన దానికి అరగని దానికే 2 శాతం తేడా, ఇది ఎవరూ లెక్కేసుకోరు.

ఎలహంక పద్మ:
మీరంతా స్పీడ్ స్పీడ్ అంటున్నారు గానీ ఓడోమీటర్, అదే తిరిగిన కిలోమీటర్లు చూపించేదాని సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి. స్పీడోమీటర్‌కి కంపెనీ కావాలని కొంచెం కలుపుతుంది సరే, ఓడోమీటర్‌కి సాధారణంగా అలా కలపరు, అది దాదాపు కరెక్ట్‌గానే ఉంటుంది. కాబట్టి పెద్ద టైర్ వేస్తే స్పీడ్ కరెక్ట్ అవుద్దేమో గానీ దూరం తప్పుద్ది. మా తమ్ముడు టైర్లు మార్చాక మైలేజీ 18 నుంచి 17కి పడిపోయిందని మెకానిక్ దగ్గరికి రెండుసార్లు తిరిగాడు, ఫిల్టర్లు మార్పించాడు, ప్లగ్గులు మార్పించాడు, చివరికి చూస్తే కారు నిజంగా 100 కి.మీ. తిరిగితే ఓడోమీటర్‌లో 96 కూడా పడట్లేదు, అదే పెట్రోలుని తక్కువ కిలోమీటర్లతో భాగిస్తే మైలేజీ తగ్గినట్టే కదా కనపడేది. ఫుల్ ట్యాంక్ పద్ధతిలో చూసినా, డిస్‌ప్లేలో యావరేజ్ చూసినా అంతే, రెండిటికీ దూరం వచ్చేది ఒకే చోటునుంచి. బరువైన వెడల్పు టైర్ వల్ల నిజంగా తగ్గేది ఇంకా వేరే.

2019 జులై నుంచి వచ్చిన కార్లలో 80 దాటితే కీ కీమంటుంది కదా, 120 దాటితే ఆగకుండా మోగుద్ది, ఆ అలారం కూడా ఈ లెక్కమీదే నడిచేది. అదీ ఆలస్యంగా మోగుద్ది.

హెబ్బాళ్ రెడ్డి:
అక్కా, ఓడోమీటర్ తక్కువ తిరిగితే అమ్మేటప్పుడు మనకే లాభం కదా 😀 సర్వీస్ నాలుగొందల కిలోమీటర్లు లేటైతే ఇంజన్ పేలిపోదు. నేనడిగేది ఒకటే, 99 పోతూ 100 చూపించే కారు మంచిదా, 93 పోతూ 100 చూపించే కారు మంచిదా?

లెక్కల మాస్టారు:
మీ కారు వరకు మీరు కొలిచి చెప్తున్నారు, ఒప్పుకుంటాను. కానీ అందరికీ అదే సలహా ఇస్తున్నారు చూడండి, అక్కడే ఇబ్బంది. ఆ రూల్ ఎక్కువ ఎంత చూపించొచ్చో చెప్తుంది గానీ కచ్చితంగా ఇంత ఎక్కువ చూపించాలని ఎక్కడా లేదు, సున్నా తేడా ఉన్నా పాసే. ఇంకో కారులో మీటర్ 100కి అసలు 98 ఉందనుకోండి, దానికి మీ 4.5 కలిపితే 102 పైన, అప్పుడు మీటర్ నిజంగానే తక్కువ చూపిస్తుంది. మైసూరు రోడ్డులో 100 లిమిట్, కెమెరా మీ ముల్లుని చూడదు, రోడ్డు మీద కారుని చూస్తుంది. ఫైన్ వెయ్యి నుంచి రెండు వేలు, అక్కడ నిలబడి "నా మీటర్‌లో 100 లోపే ఉంది సార్" అంటే వింటారా? ఆ నాలుగైదు కిలోమీటర్ల మార్జిన్ కంపెనీ ఎందుకు పెట్టుకుంది, టైర్ కొత్తదైనా, గాలి ఎక్కువైనా, బ్రాండ్ మారినా మీటర్ తక్కువ చూపించకుండా ఉండాలని. దాన్ని మీరు ముందే మొత్తం అల్లాయ్స్ మీద ఖర్చుపెట్టేస్తే మిగతావాటికి ఇంకేం మిగులుద్ది.

టైర్ల బాబాయ్:
నేను ఇదే వ్యాపారంలో ఉన్నా, ఇద్దరూ కరెక్టే, కానీ ఇద్దరూ కాయితం మీద మాట్లాడుతున్నారు. సైడ్‌వాల్ మీద అదే నంబరున్నా ఒక కంపెనీ టైర్‌కీ ఇంకో కంపెనీ టైర్‌కీ నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటది, చేత్తో పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. అందుకే మేం పాత టైర్ ఎత్తుకి 3 శాతం తేడా దాటకండి అంటాం, అది చట్టం కాదు, అనుభవం మీద పెట్టుకున్న గీత. 205/65 సంగతి మీటర్ దాకా ఎందుకు, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పి హంపెక్కించు, చక్రం పైన లోపలుండే ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకుంటదో లేదో చూసుకో ముందు. రిమ్ ఐదున్నర ఇంచుల వెడల్పన్నా లేకపోతే 205 దాని మీద సరిగ్గా కూర్చోదు. పికప్ కూడా చూసుకోవాలి, టైర్ పెద్దదైతే గేర్ బరువైనట్టు ఉంటది, సిల్క్‌బోర్డ్ జామ్‌లో సెకండ్‌లో లాగేవాడివి ఫస్ట్‌కి దిగాల్సొస్తది. పాత టైర్ మీద 85 అని నంబరుంటది చూడు, అంటే ఒక్కో టైర్ 515 కేజీలు మోస్తదని, కొత్తది దానికి తగ్గకూడదు. మీటర్ గోలలో పడి ఇది ఎవరూ చూడరు.

పాత బండి:
మారుతీ 800 రోజుల్లో గేర్‌బాక్స్ నుంచి కేబులొచ్చేది, ముల్లు 60కీ 70కీ మధ్య డాన్స్ చేసేది, నాలుగున్నర శాతం అంట నాలుగున్నర శాతం. మనం పోయే స్పీడ్ పక్క లారీని చూసి తెలుసుకునేవాళ్ళం.

వైట్‌ఫీల్డ్ స్విఫ్ట్:
హహ. సరే 205/65 వద్దులే. మాస్టారూ, నా మీటర్ ఎంత ఎక్కువ చూపిస్తాందో నేనే కొలుచుకోవాలంటే ఎట్ల? ఫోన్ చూస్తే అది ఎగురుతానే ఉంటాది.

లెక్కల మాస్టారు:
సిటీలో కుదరదు, జీపీఎస్ కొంచెం వెనకబడుతుంది, స్పీడ్ మారుతుంటే పాత నంబరే చూపిస్తుంది. పొద్దున్నే హైదరాబాద్ హైవేలో దేవనహళ్ళి దాటాక తిన్నటి రోడ్డులో ముల్లు 80 మీద కదలకుండా కాసేపు పట్టండి, ఫోన్ పక్కన కూర్చున్నవాళ్ళు చూడాలి, మీరు చూడొద్దు. తర్వాత ఒకే ఒక్కసారి ట్రిప్ మీటర్ సున్నా చేసి హైవే కిలోమీటర్ రాళ్ళతో ఓ ఇరవై ముప్పై కిలోమీటర్లు సరిచూడండి, అప్పుడు స్పీడూ దూరం రెండూ తెలుస్తాయి. కొత్త టైర్లు వేసిన వెంటనే చేయాలి, అరిగిన వాటి మీద చేస్తే రెడ్డిగారి లెక్కే వస్తుంది.

హెబ్బాళ్ రెడ్డి:
మళ్ళీ నన్నే 😀

ఎలహంక పద్మ:
స్విఫ్ట్ తమ్ముడూ, పై మోడల్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది, 621.5 వస్తుంది, నీ పాతదానికి 2 మి.మీ. కూడా తేడా లేదు. మీటర్ గొడవ లేదు, వారంటీ గొడవ లేదు. మరీ ఎత్తు కావాలంటే 195/65 ఆర్15, 634.5, అంటే 2.4 శాతం, కారు ఏడెనిమిది మి.మీ. లేస్తుంది, ముందు కొలుచుకుని అప్పుడు వెయ్యి.

వైట్‌ఫీల్డ్ స్విఫ్ట్:
థాంక్స్ అక్కా. 195/65 ఆలోచిస్తాండా, కొలిచినాంకనే. డౌట్ ఒకటి, స్టెప్నీ పాత 165/80 ఆర్14 అట్లనే ఉంటాది డిక్కీలో. అనంతపురం పోతా దార్లో ముందు చక్రం పంచరైతే అదే వేసి నడపొచ్చా?

టైర్ల బాబాయ్:
ముందర వెయ్యొద్దు నాయనా. స్విఫ్ట్‌కి ఇంజన్ లాగేది ముందు చక్రాల్నే, అటో సైజు ఇటో సైజు ఉంటే డిఫరెన్షియల్, అదే రెండు చక్రాల్నీ వేరే వేరే స్పీడులో తిరగనిచ్చే గేర్ల సెట్టు, తిన్నగా పోయేటప్పుడు కూడా ఆగకుండా తిరుగుతానే ఉంటది, వేడెక్కిపోద్ది. వెనక చక్రమొకటి తీసి ముందుకెయ్, స్టెప్నీ వెనక పెట్టు, స్పీడు తగ్గించుకుని బాగేపల్లిలోనో పెనుకొండలోనో పంచర్ వేయించుకో. జాకీ రెండుసార్లు ఎత్తాలి, ఎండలో విసుగొస్తది, అయినా అట్లనే చెయ్. ఏబీఎస్ లైట్ వెలిగినా కంగారుపడకు, సరైన చక్రం బిగించి కొంచెం దూరం నడిపినా ఆరకపోతేనే వర్క్‌షాప్‌లో చూపించు.