మేడ మీద రెండో రౌటర్ పెట్టాక కింద ప్రింటర్ కనపడట్లేదు, హెల్ప్ కావాలి

కడియం_కుర్రాడు:
అన్నలూ ఒక డౌట్. ఫైబర్ బాక్స్ కింద హాల్లో ఉంది, పై గదికి సిగ్నల్ సరిగ్గా అందట్లేదని ఇంట్లో పాత రౌటర్ ఉంటే కింద నుంచి కేబుల్ లాగి పైన పెట్టా. నెట్ సూపర్‌గా వస్తోంది కానీ పైన వైఫైలో ఉంటే కింద ప్రింటర్ అస్సలు చూపించట్లేదు, నాన్నకి అడంగల్, వన్‌బీ ప్రింట్ తీయాలంటే ప్రతిసారీ కిందికి దిగి వైఫై మార్చాల్సి వస్తోంది. రెండూ ఒకే నెట్ కదా మరి? ఇంకోటి, ప్లాన్ 100 ఎంబీపీఎస్, డౌన్‌లోడ్ మాత్రం 11 దగ్గరే ఆగిపోతోంది, తక్కువ ఇస్తున్నారా?

ఓరుగల్లు_కేబుల్:
తమ్ముడూ, పైన ఉన్నప్పుడు ఫోన్ ఐపీ (నెట్‌వర్క్‌ల దాని అడ్రస్ నంబర్) ఎంత, ప్రింటర్ ఐపీ ఎంత?

కడియం_కుర్రాడు:
ఫోన్ 192.168.0.104, ప్రింటర్ 192.168.1.20

ఓరుగల్లు_కేబుల్:
అదే సంగతి. చుక్కల మధ్య మూడో నంబర్ చూడు, ఒకటి 0, ఇంకోటి 1. అంటే నీ ఇంట్ల ఇప్పుడు రెండు వేరే నెట్‌వర్క్‌లు ఉన్నయ్. కేబుల్ పై రౌటర్ వాన్ పోర్ట్‌ల, అంటే బయటి నెట్ వచ్చే రంధ్రంల పెట్టినవ్, అందుకే అది తన కింద కొత్త నెట్‌వర్క్ పెట్టుకుని తనే ఐపీలు పంచుతుంది, ఆ పంచే పనినే డీహెచ్‌సీపీ అంటరు. ఫోన్ "ఇక్కడ ప్రింటర్ ఏమన్న ఉందా" అని కేకేస్తది, ఆ కేక రౌటర్ దాటి పోదు. బ్రౌజర్‌ల 192.168.1.20 కొట్టి చూడు, ప్రింటర్ పేజీ చాలావరకు తెరుచుకుంటది, దారి ఉంది గానీ కేక వినపడతలేదు అంతే.

పై రౌటర్ సెట్టింగ్స్‌ల యాక్సెస్ పాయింట్ మోడ్ (కొత్త నెట్‌వర్క్ పెట్టకుండ వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది ఆన్ చెయ్యి, అయిపాయె. లేకుంటే దాని లాన్ (ఇంటి లోపలి వైపు) ఐపీని 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, కేబుల్ వాన్‌లకెళ్లి తీసి లాన్ పోర్ట్‌ల పెట్టు.

నెట్_పిచ్చి:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఒక్క జాగ్రత్త. కొన్ని బాక్సులు ఐపీలు చివరి నంబర్ 2 నుంచే పంచుతాయి, అప్పుడు అదే నంబర్ ఇంకో ఫోన్‌కి వెళ్తే గొడవ, అది పట్టుకోవడం చాలా కష్టం, నేను ఒక ఆదివారమంతా దీని మీదే కూర్చున్నా. ముందు కింద బాక్స్‌లో ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా పంచుతోందో చూసి, దాని బయట నంబర్ పెట్టండి.

స్పీడ్ సంగతి, ఎవరూ తక్కువ ఇవ్వట్లేదండి. ప్లాన్ చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు, 100ని 8తో భాగిస్తే 12.5, అందులో కొంత డేటాని మోసుకెళ్లే లెక్కలకే పోతుంది. 11 వస్తుంటే బాగా వస్తున్నట్టే.

కడియం_కుర్రాడు:
అయిపోయింది అన్నా!! పాత రౌటర్‌లో ఆ మోడ్ లేదు, కింద బాక్స్ 100 నుంచి పంచుతోంది కాబట్టి 1.2 పెట్టేశా. డీహెచ్‌సీపీ ఆఫ్ చేశాక పాత అడ్రస్‌లో పై రౌటర్ సెట్టింగ్స్ పేజీ రాకపోయేసరికి కంగారుపడ్డా, 192.168.1.2 కొడితే వచ్చింది. ఇప్పుడు ఫోన్ ఐపీ 192.168.1.107, పైనుంచే నాన్న అడంగల్ ప్రింట్ ఇచ్చా, కింద మెషిన్ చప్పుడు వినపడింది. ఇద్దరికీ చాలా థాంక్స్.