తాతయ్య నేవీ ట్రంకు పెట్టె: కాగితాలు ఎలా దాచాలి?

ప్రశ్న: మా తాతయ్య నేవీ ఆఫీసరు, 1971 యుద్ధం నాటికి వైజాగ్‌లో ఉన్నారు. పోయి ఏడాది కావస్తోంది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన ట్రంకు పెట్టె దొరికింది. మిడ్‌షిప్‌మన్‌గా (శిక్షణలో ఉన్న ఆఫీసరుగా) ఐఎన్‌ఎస్ ఢిల్లీ మీద రాసిన జర్నల్, బదిలీ ఉత్తర్వులు, దారంతో కట్టిన ఇన్‌లాండ్ లెటర్లు, మెడల్స్ ఉన్నాయి. జర్నల్ అంచులు పురుగు కొట్టేసింది. తమ్ముడేమో లామినేట్ చేయిద్దామంటాడు, నాన్నగారు సంవత్సరాల వారీగా సర్దమంటున్నారు. ఏం చేయను?

జవాబు: లామినేషన్ మాట ఎత్తొద్దమ్మా. వేడికి ప్లాస్టిక్ కాగితాన్ని పట్టేస్తుంది, మళ్ళీ ఊడదీయలేరు. సెలోటేపు కూడా వద్దు, కొన్నేళ్ళకి గోధుమరంగు మరకే మిగులుతుంది. కదిపే ముందు పెట్టెను ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. కట్టలు కలిపేయొద్దు. బదిలీ ఉత్తర్వు పక్కనే ఇంటి ఉత్తరం పెట్టారంటే ఆయన లెక్క ఆయనకు ఉండే ఉంటుంది. ప్రతి కాగితం వెనకవైపు మూలన మెత్తటి పెన్సిల్‌తో నంబరు వేసుకోండి. నాన్నగారి సంవత్సరాల వరస ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసేయండి. కలరా ఉండలు వేయకండి. వైజాగ్ ఉప్పుగాలికి పెట్టె నేల మీద, బయటి గోడ పక్కన ఉంచకూడదు.

అన్నట్టు, ఆ ఢిల్లీ మామూలు ఓడ కాదు. 1939లో దక్షిణ అమెరికా తీరాన రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ల యుద్ధనౌక గ్రాఫ్ స్పీతో తలపడిన అకిలీస్ అనే ఓడ అదే. 1948లో మనకొచ్చింది. ఆ జర్నల్‌ని ముందు స్కాన్ చేయించండి.

ఇంకో జవాబు: నేనూ నేవీలో చేసినవాణ్ణే. మెడల్స్‌కి బ్రాసో పాలిష్ పట్టించకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. 1971 యుద్ధానికిచ్చిన సంగ్రామ్ మెడల్ ఉంటే దాని అంచు భూతద్దంతో చూడండి, పేరు చెక్కి ఉంటుంది. సర్వీసు వివరాలకు వైజాగ్ ఆఫీసుల చుట్టూ తిరిగి లాభం లేదు. ఆఫీసర్ల రికార్డు ఢిల్లీ నేవీ హెడ్‌క్వార్టర్స్‌లో, సెయిలర్లది ముంబై బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. ‘సీక్రెట్’ ముద్ర ఉన్న కాగితం కనబడితే మాత్రం ఎంత పాతదైనా వాట్సాప్‌లో పెట్టొద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. నేవీకే అప్పజెప్పి రసీదు తీసుకోండి.

ఇంకో మాట, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వైజాగ్ తీరం దగ్గర పేలి మునిగింది 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. ఆ వారం ఉత్తరాలు ఉన్నాయేమో చూడండి.

ప్రశ్న అడిగిన అమ్మాయి: ఉందండీ! డిసెంబరు 5న భీమవరంలో ఉన్న నాయనమ్మకు రాశారు. ఘాజీ మాటే లేదు. ‘వంటింటి కిటికీ అద్దం పగిలింది, నువ్వొచ్చేలోగా వేయిస్తాను. పిల్లాడికి దగ్గు తగ్గిందా?’ అంతే. ఆ పిల్లాడు మా నాన్నగారు. సర్దడం ఆపేసి అదే చదువుతూ కూర్చున్నారు.