ఓడలు బళ్ళవుతాయా, బళ్ళెక్కుతాయా?

మొన్న ఇక్కడే ఒకరు "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అని పెడితే కింద ఇంకొకాయన, ఓడ బండెలా అవుద్దండీ, చెక్కలు విప్పి చక్రాలు బిగిస్తారా అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ తప్పు సామెతది కాదండీ, మన నోట్లో పడి అలా అయింది. కొంచెం పొడుగు పోస్టు, తిట్టుకోకండి.

మాది గోపాలపూర్, గంజాం జిల్లా, బరంపురానికి ఓ 15 కిలోమీటర్లు. 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీ మాది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సముద్రం మీదికెళ్ళే మావాళ్ళని ఒడియా వాళ్ళు నోళియాలంటారు. మా తాత తెరచాప మనిషి. ఇంజను పెట్టిన పడవ ఎక్కమంటే "అది పడవేట్రా, మోటారు బండి" అనేవాడు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చిరిగిన తెరచాపకి అతుకులేసేది, సూది గుచ్చి దారం లాగినప్పుడల్లా గుడ్డలోంచి సన్నగా ఉప్పు రాలి చీర మీద పడేది.

ఇప్పుడు పద్యం సంగతి. తెలుగు మీడియం స్కూల్లో సుమతీ శతకం బట్టీ పట్టించారు, అందులో "ఓడలు నాబండ్ల మీద నొప్పుగ వచ్చున్" అని ఒక పాదం. నాకేం అర్థమైందంటే, నా బండ్ల మీద ఓడలొస్తాయి, వస్తే నొప్పి పుడుతుంది అని! నొప్పి అనగానే తాత భుజం గుర్తొచ్చింది. తెప్ప ఒడ్డుకొచ్చాక ఊరుకోరు కదా, తాళ్ళు విప్పి దుంగలు భుజాన మోసుకొచ్చి ఇసుకలో ఆరబెట్టాలి, లేకపోతే నీళ్ళు పీల్చేసి మర్నాటికి బరువెక్కిపోతాయి. అలా మోసీ మోసీ తాత కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. పద్యం రాసినాయన దాన్ని చూసే రాశాడనుకున్నాను చాన్నాళ్ళు.

తర్వాతెప్పుడో మాస్టారు విడగొట్టి చెప్పారు. ఓడలున్ ప్లస్ ఆ, మీదన్ ప్లస్ ఒప్పుగ. నా లేదు, నొప్పీ లేదు, అంతా నకారప్పొల్లు చేసిన పని. ఆ బండ్ల మీద ఓడలు చక్కగా వస్తాయి, అంతే. దాని పై పాదంలో బండ్లు ఓడల్లో వస్తాయని ఉంది. ఎక్కడా ఒకటి ఇంకోటైపోదు, ఒకదాన్ని ఒకటి మోస్తుంది. కలిమి లేమి కూడా అలాగేనట. హిందీ వాళ్ళు ఇప్పటికీ "కభీ నావ్ గాడీ పర్, కభీ గాడీ నావ్ పర్" అనే అంటారు, చూశారా, పర్ పోలేదు వాళ్ళకి. మనకే మీద పోయి అవుతాయి మిగిలింది.

మా ఊళ్ళో ఇది కళ్ళతో చూసే విషయం. బ్రిటిషోళ్ళ కాలంలో రంగూన్ స్టీమర్లు ఒడ్డుకి రాలేక అలలకి అవతల ఆగేవి, సరుకు మసూలా పడవల్లో వెళ్ళేది (మేకుల్లేని పడవ, పలకల్ని తాడుతో కుట్టేస్తారు, అల కొడితే వంగుద్ది గానీ విరగదు). అదీ, బండి మీది సరుకుని ఓడ మోసే కాలం. రెండోది, బండి ఓడని మోయడం, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా దగ్గరే తీరం దాటినప్పుడు చూశాను. మా నాన్న ఫైబర్ పడవ సరుగుడు తోటలో బోర్లా పడుంది. ట్రాక్టర్ ట్రాలీ మీద కట్టి రిపేరుకి తీసుకెళ్తుంటే నాయనమ్మ వీధిలో నిలబడి "ఓలమ్మా, ఓడ బండెక్కిందిరా" అంది. బండయింది అన్లేదు. ఆవిడకి చదువు రాదు, శతకం అసలే తెలీదు.

*

కింద ఒకరు, వాడుకే వ్యాకరణం, జనం అవుతాయి అంటున్నారు కాబట్టి అదే సామెత అన్నారు. ఒప్పుకుంటాను, నేనూ మాటల్లో అలాగే అనేస్తాను. కాకపోతే అర్థంలేని సామెత అంటే మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

ఇంకొకరు, ఓడంటే షిప్పు కదా, మీ పడవని ఓడంటారేంటి అన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటాం కదండీ, ఏట్లో షిప్పు తిరుగుద్దా? పాత తెలుగులో ఏరు దాటించేదీ ఓడే.

ఇచ్ఛాపురం, బారువ వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీ పెద్దవాళ్ళు అవుతాయి అంటారా ఎక్కుతాయి అంటారా?