పాత స్టేషన్ భవనం డిజైన్‌కి ఎన్‌ఈఏ గ్రాంట్: దేనికి ఇస్తారు, దేనికి ఇవ్వరు?

ప్రశ్న: అమెరికాలో ఒక చిన్న ఊళ్లో మాది లాభాపేక్ష లేని కళాసంస్థ. వాడకంలో లేని రైల్వే స్టేషన్ భవనాన్నీ, దాని ముందున్న ఖాళీ జాగానీ కళాకేంద్రంగా మార్చాలని ఊరివాళ్ల కోరిక. కళలకు గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ (ఎన్‌ఈఏ) డిజైన్ విభాగంలో అప్లై చేద్దామనుకుంటున్నాం. పైకప్పు రిపేరుకి కూడా అడగొచ్చా? మ్యాచింగ్, అంటే గ్రాంట్‌కి సమానంగా మేం చూపాల్సిన వాటా, మొత్తం నగదుగానే చూపాలా? మాతో పనిచేసే ఆర్కిటెక్ట్ విడిగా తన పేరు మీద అప్లై చేసుకోవచ్చా?

జవాబు: పైకప్పుకి ఇవ్వరండీ. కట్టడం, కొనడం, మరమ్మతు చేయడం ఏదీ ఎన్‌ఈఏ గ్రాంట్ కిందికి రాదు, మ్యాచింగ్ కిందా చూపకూడదు. డిజైన్ ఫీజు, ఊరి ప్లానింగ్ సమావేశాలు, ప్రదర్శనకు స్థలం సిద్ధం చేయడం మాత్రం వస్తాయి. కాబట్టి ప్రాజెక్టును గీతల దగ్గర ఆపేయండి: కొలతల సర్వే, ఊరివాళ్లతో సమావేశాలు, కాన్సెప్ట్ డ్రాయింగ్‌లు, మోడల్, ఊరి ప్రదర్శన. కప్పు పని వేరే నిధితో, వేరే బడ్జెట్‌లో ఉండాలి. దరఖాస్తులో ఎక్కడైనా "రెండో దశలో కప్పు మారుస్తాం" అని రాస్తే అది భవిష్యత్తు పని అనీ, ఈ లెక్కల్లో లేదనీ అదే వాక్యంలో చెప్పండి. లేకపోతే చదివేవాళ్లు రెంటినీ కలిపేసి చూస్తారు.

కళా ప్రాజెక్టుల గ్రాంట్ 10,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా ఉంటుంది, డాలరుకి డాలరు మ్యాచింగ్. ఏ ఏడాదికి ఆ ఏడాది నిబంధనలు మారుతుంటాయి, అందుకని పాత పీడీఎఫ్ చూసి రాయకండి.

ఇంకొకరి జవాబు: ఆర్కిటెక్ట్ విషయం. డిజైన్‌లో ఎన్‌ఈఏ వ్యక్తులకు ఇవ్వదు, సంస్థలకే. అర్హత లేనివాళ్లు మరో సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా, అంటే తమ తరఫున గ్రాంట్ తీసుకుని లెక్క చూసే సంస్థగా, ముందు పెట్టుకుని అప్లై చేయడానికీ ఒప్పుకోదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే రాష్ట్రాల్లో పద్ధతి వేరు. న్యూయార్క్ రాష్ట్ర కళామండలినే తీసుకోండి: ఆర్కిటెక్చర్, డిజైన్ విభాగంలో వ్యక్తుల స్వతంత్ర ప్రాజెక్టులకు 10,000 డాలర్ల దాకా ఇస్తూ వచ్చింది, అదీ ఫిస్కల్ స్పాన్సర్ ద్వారానే. మీ ఆర్కిటెక్ట్‌గారికి సొంత పరిశోధన ఉంటే మీ రాష్ట్ర మండలిని అడగమనండి. కానీ ఎన్‌ఈఏ తన గ్రాంట్ నిధుల్లో 40 శాతం రాష్ట్ర, ప్రాంతీయ మండలులకే పంపుతుంది. ఆ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వాటా మీ ప్రాజెక్టులోకి వస్తే అది మ్యాచింగ్‌గా చెల్లదు. మండలి మంజూరు పత్రంలో నిధి ఎక్కడిదో చూసుకోండి.

ఊరి జనాభా 50,000 లోపైతే సిటిజన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ రూరల్ డిజైన్ గురించీ కనుక్కోండి. ఇదీ ఎన్‌ఈఏ చొరవే, 1991లో మొదలైంది. దాని అసలు పని నిపుణులను తెచ్చి వర్క్‌షాప్ నడపడం. గ్రాంట్‌కి ముందు ఇది జరిగితే ఊరివాళ్లకి ఏం కావాలో తేటపడుతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మ్యాచింగ్ గురించి కాస్త వివరంగా చెప్తారా? ఓ సర్వే కంపెనీ ఉచితంగా కొలిచిపెడతానంటోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు: నగదే కానక్కర్లేదు. ఒక నమూనా లెక్క చూడండి, మొత్తం 80,000 డాలర్లు. డిజైన్ బృందం ఫీజు 32,000. సమావేశాలు నడిపే కళాకారులకు 10,000, కోఆర్డినేటర్ జీతం 14,000. సర్వే 6,000, మోడల్, ప్రింట్లు 6,000, అనువాదం, వికలాంగుల సౌకర్యాలు 3,000. పరోక్ష ఖర్చు, అంటే ఆఫీసు అద్దె, కరెంటు లాంటివి, 9,000. ప్రభుత్వంతో కుదిరిన రేటు లేని సంస్థలు పరోక్ష ఖర్చును 15 శాతం దాకా వేసుకోవచ్చు, 2024 అక్టోబరుకి ముందు అది 10 శాతమే.

గ్రాంట్ 40,000 అడిగారనుకోండి. మిగతా 40,000లో ఊరి పాలకమండలి 15,000, దాతలు 12,000, సర్వే కంపెనీ సేవ 6,000, మీ సొంత నిధి 7,000. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, ఉచిత సేవను ఆదాయంలో చూపి ఖర్చులో వదిలేయడం. 6,000 రెండు వైపులా పడాలి, లేకపోతే బడ్జెట్ తేలదు. రెండోది, ఊరి పాలకమండలి ఇచ్చే డబ్బు అసలు ఫెడరల్ నిధి అవడం. అది మ్యాచింగ్‌గా చెల్లదు, ముందే రాతపూర్వకంగా అడగండి.

వాలంటీర్ గంటలకి విలువ కట్టేది చేసిన పనిని బట్టి. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ గీస్తే ఆర్కిటెక్ట్ రేటు, కుర్చీలు సర్దితే ఆ పనికుండే రేటే. తేదీ, పని, గంటలు, సంతకం ఉన్న షీటు ప్రతివారం తీసుకోండి, ఏడాది చివర్లో గుర్తు తెచ్చుకుని నింపితే ఆడిట్‌లో నిలవదు. ప్రాజెక్టు మొదలయ్యే తేదీకి ముందు పెట్టిన ఖర్చు ఏదీ లెక్కకి రాదు. సమావేశాల్లో పెట్టే భోజనాలు, డిజైన్ పోటీలో నగదు బహుమతులు కూడా అంతే. పోటీ పెట్టాలనుంటే ఎంపికైన బృందాలకు చేసే పనికి ఫీజుగా ఇవ్వండి.

ఇంకొకరి జవాబు: రిజిస్ట్రేషన్ ఇవాళే మొదలుపెట్టండి. శామ్ డాట్ గవ్‌లో, అంటే ఫెడరల్ గ్రాంట్లు కోరే సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, సంస్థ పేరు, చిరునామా అధికారిక పత్రాల్లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. తేడా వస్తే సరిచేయడానికి వారాలు పడుతుంది. అది ఉచితం, ప్రతి ఏడూ రెన్యూ చేయాలి. డబ్బు అడిగే ఈమెయిళ్లు ప్రభుత్వానివి కావు. సంస్థను గుర్తించే 12 అక్షరాల యూఈఐ నంబరు అక్కడే వస్తుంది. ఆపైన దరఖాస్తు రెండు మెట్లు: ముందు గ్రాంట్స్ డాట్ గవ్‌లో చిన్న ఫారం, తర్వాత ఎన్‌ఈఏ పోర్టల్‌లో అసలు వివరాలు. మొదటి మెట్టు గడువు దాటితే రెండోది తెరుచుకోదు.

రాతలో దరఖాస్తులను అంచనా వేసే ప్యానెల్ చూసేవి కళాత్మక నాణ్యత, ప్రయోజనం. "డిజైనర్‌ని తర్వాత ఎంచుకుంటాం" అని వదిలేస్తే నాణ్యతను దేన్నిబట్టి అంచనా వేస్తారు? పేరు ఖాయం కాకపోతే ఎవరు, ఏ గీటురాళ్లతో, ఎప్పటికల్లా ఎంచుతారో రాయండి. బృందం ఖాయమైతే ఇలాంటి స్థలంలో, ఇంత బడ్జెట్‌లో వాళ్లు చేసిన పాత పని చూపండి. పెద్ద మ్యూజియం ఫోటోలు మీ స్టేషన్‌కి పనికిరావు. "ఊరివాళ్లను భాగస్వాములను చేస్తాం" అన్న వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. దాని బదులు ఎన్ని సమావేశాలు, ఏ వేళ, ఏ భాషల్లో, అక్కడ వచ్చిన మాట డ్రాయింగ్‌ని ఎలా మారుస్తుందో చెప్పండి. ఊరివాళ్ల మాటకి డ్రాయింగ్ మారే వీలు నిజంగా ఉండాలి, అది లేని ప్లానింగ్ ఊరికి అన్యాయం.

మీ స్టేషన్ వయసు 50 ఏళ్లు దాటే ఉంటుంది కదా. భవనాన్ని తాకే పని, అంటే గోడ మీద బొమ్మ, బయట తాత్కాలిక నిర్మాణం ఉంటే, చారిత్రక సంరక్షణ చట్టం సెక్షన్ 106 కింద పరిశీలన జరుగుతుంది. అది పూర్తయ్యేదాకా పని మొదలుపెట్టకూడదు. కొలతలు, కాగితం మీద డిజైన్ వరకే ఉంచితే ఈ ఆలస్యం దాదాపు ఉండదు.

ప్రశ్న అడిగినవారు: ప్రదర్శనకి బయట కడదామనుకున్న తాత్కాలిక వేదికను ప్లాన్‌లోంచి తీసేసి, దాన్ని లైబ్రరీలో పెడతాం. తుది నివేదిక ఎప్పటికల్లా ఇవ్వాలండీ?

మొదటి జవాబు ఇచ్చినవారు: ప్రాజెక్టు గడువు ముగిశాక 120 రోజుల్లోపు. తుది ఆర్థిక నివేదిక ఇచ్చిన దగ్గర్నుంచి మూడేళ్లు రసీదులు, షీట్లు దాచండి. సర్వే కంపెనీ దగ్గర్నుంచి 6,000 విలువ రాసిన ఉత్తరం మాత్రం దరఖాస్తుకి ముందే తీసుకోండి.