అప్‌డేట్: శాతో ముసార్ వైట్‌కి చేపే కుదిరింది

బేరూత్‌లో మా ఇంటి విందుకి శాతో ముసార్ వైట్ అనే లెబనాన్ వైట్ వైన్ కొన్నాను, పక్కన ఏం వడ్డించాలి అని అడిగాను కదా. మీరన్నట్టే ఫ్రిజ్‌లోంచి ముందే తీసి, చల్లదనం కాస్త తగ్గాక పోశాను. కొండల మీద సుమారు 1,200 మీటర్ల ఎత్తులో పండే ఒబైదే, మెర్వా అనే లెబనాన్ సొంత ద్రాక్షల వైన్ ఇది. ఓక్ చెక్క పీపాల్లో కొన్ని నెలలు ఉంచుతారు. మరీ చల్లగా తాగితే ఆ తేనె, బాదం వాసన అందదు.

అన్నిటికన్నా బాగా కుదిరింది సమకే హర్రా. కాల్చిన చేప మీద తహినీ (నువ్వుల ముద్ద), వెల్లుల్లి, కొత్తిమీర, మిరపకాయ సాస్. నువ్వుల చిక్కదనం ముందు తేలికపాటి వైట్ వైన్ నిలబడదు, ఇది నిలబడింది. హమ్మస్ (శనగల ముద్ద) కూడా సరే. తబ్బూలే (నిమ్మరసం పిండిన పార్స్లీ ఆకుల సలాడ్) మాత్రం వద్దు, ఆ నిమ్మ పులుపు తర్వాత వైన్ చప్పగా అనిపిస్తుంది. మర్నాడు మిగిలినది వేయించిన కోడితో తాగాం, అదీ అదిరింది. అందరికీ థాంక్స్.